లాకుల సెంటర్: బస్టాపు ముందు బండి

కిట్టు: రికార్డవుతోందండి. కానివ్వండి.

పద్మ: లాకుల సెంటర్‌కి వచ్చిన అందరికీ నమస్కారమండీ. నేను పద్మని, ఎదురుగా సత్తిబాబు గారు, మూల కుర్చీలో కిట్టు. ఈవేళ అనుకున్నది రైల్వే స్టేషన్ల దగ్గర పార్కింగు. భీమవరం, తాడేపల్లిగూడెం, రాజమండ్రి, సామర్లకోట... స్టేషన్ బయట బండి పెట్టి రైలెక్కేవాళ్లు ఏం చూసుకోవాలి, చీటీ మీద ఏముండాలి—

సత్తిబాబు: దానికి ముందు ఒక్క మాటండీ.

కిట్టు: గంట తీశాను మావయ్యా.

సత్తిబాబు: ఇంకా ఆ మాట అనలేదు కదరా!

పద్మ: అనబోతున్నారనే తీశాడు. మీరు "బెర్ము" అన్నప్పుడల్లా కొట్టే గంట కదా. చెప్పండి.

సత్తిబాబు: వినేవాళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలు సగానికి సగం రోడ్డు పక్క బస్టాపు గురించేనండీ. కోనసీమలో వాళ్లకి రైలెక్కడిది? కోటిపల్లి దాకా పట్టాలున్నాయి, అవతల నరసాపురం దాకా పూర్తయితే కదా. అమలాపురం నుంచి రావులపాలెం వెళ్లాలన్నా, రాజోలు నుంచి పాలకొల్లు వెళ్లాలన్నా బస్సే గతి. పైగా 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు, అదే స్త్రీశక్తి, మొదలయ్యాక పల్లెవెలుగులో ఎక్కేవాళ్లు పెరిగారు. ఎక్కేవాళ్లు పెరిగితే బస్సు స్టాపులో ఎక్కువసేపు ఆగుతుంది. ఆగే చోట ఆటో ఉంటే బస్సు తారు మీదే ఆగుతుంది. వెనకొచ్చే లారీ ఏం చెయ్యాలి?

పద్మ: సరే, అక్కణ్ణుంచే మొదలెడదాం. స్టేషన్ సంగతి చివర్లో చెబుతాను, వదిలేది లేదు. కిట్టూ, ఆ మండపేట ప్రశ్న చదువు.

కిట్టు: "బస్టాపుకి ఎన్ని మీటర్ల లోపు బండి పెట్టకూడదు? డ్రైవరు సీట్లోనే ఉండి ఇంజను ఆన్‌లో ఉంటే అది పార్కింగు కిందకి రాదంటున్నారు, నిజమేనా?"

పద్మ: రెండో దానికి ముందు చెబుతాను. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 122. అందులో ఇంజను ఊసే లేదు. పబ్లిక్ స్థలంలో అపాయం కలిగేలాగా, అడ్డు తగిలేలాగా, జనానికి ఇబ్బంది అయ్యేలాగా బండిని నిలిపి ఉంచకూడదు, అంతే. సీట్లో కూర్చుని ఫోను మాట్లాడినా, కిందకి దిగి టీ తాగినా అడ్డు అడ్డే. ఇంజను మాటొచ్చేది 126లో. బండి నిలిచి ఉంటే లైసెన్సున్న మనిషి సీట్లో ఉండాలి, లేదంటే ఇంజను ఆపి బ్రేకు వేసి ఉండాలి. ఆ రెంటినీ కలిపేసి "నేను సీట్లోనే ఉన్నాను కదా" అంటారు. 126 పాటించినంత మాత్రాన 122 మాఫీ అవదు.

సత్తిబాబు: మరి మీటర్లు?

పద్మ: పాత రోడ్డు నిబంధనలు 1989వి. వాటిల్లో పార్కింగు చెయ్యకూడని చోట్ల వరసలో బస్టాపు దగ్గర, బడి గేటు దగ్గర, ఆసుపత్రి గేటు దగ్గర అని ఉండేది. "దగ్గర" అనే రాశారు, మీటర్లు వెయ్యలేదు. 2017లో వాటి బదులు డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చాయి. జంక్షన్‌కి మాత్రం అంకె వేశారు, అంచు నుంచి ఇటూ అటూ 50 మీటర్లు. మన ఊళ్లలో స్టాపు ఎక్కడుంటుంది? జంక్షన్‌లోనే. కాబట్టి చాలా చోట్ల ఆ 50 మీటర్ల లెక్కలోనే ఆటో దొరికిపోతుంది.

సత్తిబాబు: బస్సు కూడా దొరికిపోతుంది!

పద్మ: బస్సు ఆగేది ఎక్కించుకోవడానికండీ, పార్కింగుకి కాదు.

సత్తిబాబు: ఆటోవాడు కూడా అదే అంటాడు. ఇక్కడే నాకు పేచీ. జనం అడిగేది ఎన్ని మీటర్లని. నేను చెప్పేది బస్సుకి ఎంత కావాలో కొలవమని. రాసుకోండి. బస్సు పొడవు 12 మీటర్లు వేసుకోండి. నిలవడానికి 15 మీటర్లు ఇవ్వాలి. తారు వదిలి 3 మీటర్లు పక్కకి రావాలి కదా, ఒక్కసారి తిప్పితే రాదు, ఏటవాలుగా రావాలి. హైవే డిజైను లెక్కల్లో ఆ ఏటవాలు 1కి 8 ఉంటే మంచిది, అంటే మీటరు పక్కకి రావడానికి 8 మీటర్ల పొడుగు. ఎంత తగ్గినా 1కి 6. మూడార్లు పద్దెనిమిది. లోపలికి రావడానికి 18, నిలవడానికి 15, బయటికి పోవడానికి 18. మొత్తం 51 మీటర్లు. ఒక్క బస్సుకి! రెండు బస్సులు ఒకేసారి వచ్చే చోటైతే ఇంకో 15 కలపాలి.

కిట్టు: అంత ఖాళీ మన కాలవ రోడ్ల మీద ఎక్కడుంది మావయ్యా?

సత్తిబాబు: అదేరా! ఒక పక్క కాలవ, ఇంకో పక్క గట్టు దిగితే చేను. మధ్యలో తారు. తారుకీ కాలవకీ మధ్య మిగిలేది బెర్ము—

[గంట]

పద్మ: మొదలయింది.

సత్తిబాబు: కొట్టుకోండి. బెర్ము గురించి ఎవరూ మాట్లాడకపోతే నేనే మాట్లాడాలి. బస్సు డ్రైవరు తారు ఎందుకు దిగడో తెలుసా? ఆటో లేకపోయినా దిగడు. ఏళ్ల తరబడి తారు మీద తారు పొర వేశారు, పక్కనున్న బెర్ముకి తట్టెడు గ్రావెల్ పోసింది లేదు. అంచు దగ్గర జానెడు దిగుడు. వానాకాలం ఆ ఒండ్రు నేల మెత్తబడితే ఎడమ చక్రం దిగబడుతుంది. యాభై మంది ఉన్న బస్సుని కాలవ వైపు వంచడానికి ఏ డ్రైవరు ఒప్పుకుంటాడండీ? అందుకని తారు మీదే ఆపుతాడు. బస్సుకీ అంచుకీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోంచి బైకు ఎడమ పక్కన దూరుతుంది. బస్సు మెట్టు మీంచి కాలు కింద పెట్టే మనిషికి ముందుకి చూసే అలవాటుంటుంది గానీ వెనక్కి చూసే అలవాటు ఉండదు. ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో పిల్ల, చివరి మెట్టు కింద నేల కనపడదు. ఆ క్షణంలో బైకు వస్తుంది. అదండీ అసలు ప్రమాదం. చలానా రాస్తే ఆ దిగుడు పూడుతుందా?

పద్మ: పూడదు. ఆ బైకుని అటు పంపించిందెవరు? బస్సుకి కుడిపక్క, డివైడరు పక్కన నిలబెట్టిన టాటా ఏస్. రావులపాలెం వైపు అరటి గెలల బళ్లు, అంబాజీపేటలో కొబ్బరి బళ్లు ఎక్కడ నిలబెడుతున్నారో చూడండి. గ్రావెల్ పోస్తే ఆ గ్రావెల్ మీదే ఇంకో రెండు బళ్లు పెడతారు. ముందు ఖాళీ చేయించాలి, తరవాత పొయ్యాలి.

సత్తిబాబు: ముందు పొయ్యాలి!

పద్మ: నిరుడు కూడా ఇదే వాదన, పుంత రోడ్డు ఎపిసోడ్‌లో.

సత్తిబాబు: ఆ ఎపిసోడ్‌లో నేనే కరెక్టు.

పద్మ: అది వినేవాళ్లే చెప్పారు కదా. సరే, ఆటోల సంగతి తేలుద్దాం. ఆటో స్టాండు తీసెయ్యమనడం నాకూ ఇష్టం లేదు. బస్సు దిగిన మనిషి లోపలి ఊరికి పోవాలంటే ఆటోయే. ఎక్కడ పెట్టాలి? స్టాపుకి వెనకా, ముందా?

సత్తిబాబు: ముందు. ఏటవాలు అయిపోయాక అవతల. ఎందుకో చెబుతాను. ఆటో పొడవు 2.6 మీటర్ల పైచిలుకు, సందుతో కలిపి 3 వేసుకోండి. అయిదు ఆటోలు వరసగా నిలబడితే 15 మీటర్లు. ఆ అయిదూ స్టాపు వెనకపక్క, అంటే బస్సు వచ్చే పక్క నిలబడితే లోపలికొచ్చే 18 మీటర్లు పోయినట్టే. డ్రైవరు ఆటోలు దాటాక తిప్పాలి. మూతి లోపలికొస్తుంది, తోక తారు మీదే ఉండిపోతుంది. బస్సు ఏటవాలుగా నిలుస్తుంది, వెనక డోరు ఉన్న బస్సైతే ఆ డోరు అంచుకి ఆమడ దూరం. అదే ఆటోలు ముందుపక్క ఉంటే బస్సు లోపలికి తిన్నగా వస్తుంది, పోయేటప్పుడు కాస్త స్టీరింగు ఎక్కువ తిప్పుకుంటాడు. వచ్చే దారి మూసేస్తే కష్టం, పోయే దారి ఇరుకైతే సర్దుకోవచ్చు.

పద్మ: లెక్క బాగానే ఉంది. మనుషులు ఎలా నడుస్తారో దాంట్లో లేదు. ఆటోలు ముందుపక్క ఉంటే దిగినవాళ్లంతా బస్సు మూతి ముందు నుంచి నడుస్తారు. అవతలి ఒడ్డుకి పోయేవాళ్లు కూడా అక్కడే రోడ్డు దాటతారు. డ్రైవరుకి బంపరు కిందున్న చిన్నపిల్లలు కనపడరు. బస్సు చాటునుంచి బయటికొచ్చేవాళ్లు ఓవర్‌టేక్ చేసే కారుకి కనపడరు. స్టాపు వెనక నుంచే దాటాలని బడిలో చెబుతున్నాం. ఆటోలు ముందు పెట్టి వాళ్లని ముందుకి లాగుతామా?

సత్తిబాబు: అయితే ఎక్కడ పెడతారు?

పద్మ: పక్క వీధిలోకి. మలుపు తిరిగాక.

సత్తిబాబు: మీ 50 మీటర్లలోనే ఉంటుంది కదండీ ఆ మలుపు!

పద్మ: ...ఉంటుంది. అందుకే 50 దాటాక.

సత్తిబాబు: 50 మీటర్లు నడిచి ఆటో ఎక్కుతారా, సంచులతో?

పద్మ: స్టాపునే జరపొచ్చు కదండీ. జంక్షన్ దాటాక, అవతల. జంక్షన్‌కి ఇవతలే బస్సు ఆగితే ఎడమకి తిరిగే బళ్లన్నీ దాని వెనక ఇరుక్కుంటాయి, పక్క వీధిలోంచి వచ్చేవాడికి కుడి నుంచి వచ్చే బండి కనపడదు. జంక్షన్ దాటి ఆగితే ఆ రెండూ ఉండవు. అప్పుడు పాత స్టాపు చోట ఖాళీ అవుతుంది.

సత్తిబాబు: ఆ ఖాళీలో ఆటోలు పెడతారు. మళ్లీ 50 లోపు.

కిట్టు: అక్కా, మావయ్య గెలిచాడా ఇప్పుడు?

పద్మ: ఎవరూ గెలవలేదు. దీనికి దారి సెక్షన్ 117. బళ్లు ఎక్కడ నిలవాలి, ఎంతసేపు నిలవాలి, బస్సులు ఎక్కడ ఎక్కువసేపు ఆగొచ్చు అన్నది ప్రభుత్వం, లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థ, స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించాలి. అంటే ఆటో స్టాండు ఎక్కడన్నది ఆటో యూనియను, షాపువాడు మాట్లాడుకుంటే సరిపోదు. అలా రాతపూర్వకంగా నిర్ణయించి, 116 కింద బోర్డు పెడితే అప్పుడు "దగ్గర" అన్న మాటకి హద్దు వస్తుంది. నీలం గుండ్రం, ఎర్ర అంచు, ఒక్క ఎర్ర అడ్డగీత ఉంటే పార్కింగు లేదు. రెండు గీతలు ఒకదాన్నొకటి కోస్తే అసలు ఆగనే కూడదు. బస్టాపు అంచులకి మొదటి బోర్డు పెడితే ఆటోవాళ్లు "ఆగాను గానీ పార్కు చెయ్యలేదు" అంటారు, అది ఆలోచించి అడగండి.

సత్తిబాబు: జరిమానా ఎంత?

పద్మ: 2019 సవరణ తరవాత కేంద్ర చట్టంలో సెక్షన్ 177 కింద మొదటిసారి 500 దాకా, మళ్లీ చేస్తే 1500 దాకా. డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ఉల్లంఘనకి 177ఏ, 500కి తగ్గకుండా 1000 దాకా. 201 కింద ట్రాఫిక్‌కి అడ్డంగా బండి పెడితే 500 దాకా. అక్కడికక్కడ కట్టించుకునే చలానా మాత్రం రాష్ట్రం జీవో ప్రకారం ఉంటుంది. ఇంకోటి, అందరూ తప్పుగా అనుకునేది: "పది గంటలు దాటితేనే బండి లాక్కెళ్తారు" అని. 127లో పది గంటలన్నది వదిలేసిన బండికి. పార్కింగు నిషేధించిన చోట పెట్టిన బండికి ఆ పది గంటలు వర్తించవు. యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి వెంటనే తీయించొచ్చు, చక్రానికి తాళం వేయించొచ్చు. లాక్కెళ్లిన ఖర్చు ఓనరుదే.

సత్తిబాబు: ధాన్యం ఆరబోస్తే? రబీ దాళవా వరి కోతలప్పుడు స్టాపు ముందే రాశి, చుట్టూ రాళ్లు. మోటారు బండి కాదు కదా.

పద్మ: భారతీయ న్యాయ సంహిత 285. తన దగ్గరున్న ఏ వస్తువుతోనైనా దారికి అడ్డం కలిగిస్తే 5000 దాకా జరిమానా. కానీ రైతు మీద అది మొదటి అస్త్రం కాకూడదండీ. కల్లం లేకే రోడ్డెక్కుతున్నాడు. స్టాపు ఉన్న 51 మీటర్లూ వదలమని కోతల ముందే పంచాయతీలో చాటింపు వేయిస్తే చాలామంది వదులుతారు. రాత్రిపూట ఆ రాళ్లు తీయించాలి, అది మాత్రం గట్టిగా అడగాలి.

సత్తిబాబు: అది నేను ఒప్పుకుంటాను. రాళ్లు మాత్రం ప్రాణాంతకం.

కిట్టు: ముమ్మిడివరం నుంచి ఇంకోటి: అర్జీ ఎవరికి పెట్టాలి?

పద్మ: ముందు రోడ్డు ఎవరిదో చూడండి. 216 నంబరు హైవే మీదైతే జాతీయ రహదారి విభాగం. రాష్ట్ర రోడ్డైతే ఆర్ అండ్ బి. ఊళ్లో రోడ్డైతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ. స్టాపు జరపాలంటే ఆర్టీసీ డిపో మేనేజరు. అందరికీ కలిపి జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో ఇస్తే దానికి పంపమని రాయండి. యానాం వాళ్లు మాత్రం మన కలెక్టరేట్‌కి రావద్దు. చట్టం ఒకటే అయినా అక్కడ పుదుచ్చేరి యంత్రాంగం. అర్జీ ఒక పేజీ చాలు. టేపు పట్టి స్టాపు స్తంభం నుంచి జంక్షన్ అంచుకి ఎంత, కల్వర్టుకి ఎంత, ఆటోల వరస ఎక్కణ్ణుంచి ఎక్కడికి. పొద్దున్న బడి వేళ, సాయంత్రం ఒక ఫొటో, బస్సు తారు మీద ఆగినట్టు కనపడాలి. నంబరు ప్లేట్ల ఫొటోలు వద్దు, అది మనుషుల మీద ఫిర్యాదైపోతుంది, చోటు సంగతి వెనక్కి పోతుంది.

సత్తిబాబు: బెర్ము—

[గంట]

సత్తిబాబు: బెర్ము దిగుడు ఎంతో స్కేలు పెట్టి ఫొటో తియ్యండి. "గ్రావెల్ పోసి పొరపొరగా రోలరు తిప్పాలి, వాలు తారు వాలు కంటే అర శాతం ఎక్కువ ఉండాలి" అని రాయండి. వాలు సరిపోకపోతే నీళ్లు తారు అంచునే నిలిచి మళ్లీ కోసేస్తాయి. రోలరు లేకుండా పోస్తే మొదటి వానకే కాలవలో పడుతుంది. ట్రాక్టరుతో తొక్కించి వదిలేస్తామంటే ఒప్పుకోకండి.

పద్మ: స్టేషన్ సంగతి గబగబా చెప్పేస్తాను. స్టేషన్ ముంగిట రైల్వే స్థలం. రేటు రైల్వే కాంట్రాక్టులోది, పంచాయతీ మార్చలేదు. రేట్ల బోర్డు చూసి, టైము వేసిన చీటీ అడిగి తీసుకోండి. దింపే చోట బండి వదిలి ప్లాట్‌ఫారం మీదకి పోవద్దు. రైల్వే ఉద్యోగి తియ్యమంటే తియ్యాలి, రైల్వే చట్టం 1989లో 159వ సెక్షన్ ఉంది, 500 దాకా జరిమానా గానీ, నెల దాకా జైలు గానీ, రెండూ గానీ. హెల్మెట్టు బండికి వదిలెయ్యకండి.

సత్తిబాబు: అయిపోయిందా? స్టాపు జంక్షన్ దాటాక పెట్టాలన్నారు కదా. దాటాక కల్వర్టుంటే?

పద్మ: కల్వర్టు కూడా దాటాక పెట్టాలి.

సత్తిబాబు: అది దాటితే బెర్మే ఉండదండీ!

[గంట]

పద్మ: కిట్టూ, ఆ గంట ఇటు ఇవ్వు. చూడండి సత్తిబాబు గారూ, కొత్తపేట రోడ్డులో కల్వర్టు తరవాత వెడల్పు—

కిట్టు: కార్డు నిండిపోతోందక్కా.

పద్మ: వెడల్పు ఉంది. రేపు టేపు పట్టుకురండి, చూద్దాం.

సత్తిబాబు: 30 మీటర్ల టేపు సరిపోదు, 50ది తెస్తాను.