పరీక్షలయ్యాక ఆడుకుందువు గానీ

(డిసెంబరు చివరి ఆదివారం విజయనగరంలో ఒక వాకర్ల సంఘం వార్షిక సమావేశంలో విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడొకరు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పెద్దలకు, కుర్చీ దొరక్క వెనక నిలబడ్డవాళ్ళకు నమస్కారం. నిలబడ్డవాళ్ళకు ఇంకో నమస్కారం అదనం. ఈ సభలో ఒళ్ళు కాస్తయినా పనిచేస్తున్నది మీకే. అధ్యక్షులవారినీ కార్యదర్శిగారినీ పేరుపేరునా పొగడాలని ఉంది గానీ, నాకిచ్చింది పది నిమిషాలు. శాలువా మాత్రం తీసుకుంటాను.

నాకిచ్చిన అంశం ‘కొత్త సంవత్సరం, కొత్త ఆరోగ్యం’. ఏమీ అనుకోవద్దు, అంశం మారుస్తున్నాను. కొత్త సంవత్సరానికి ఇంకా మూణ్ణాలుగు రోజులుంది. నేను ఆ మూణ్ణాలుగు రోజుల గురించే మాట్లాడదామని వచ్చాను.

మొన్న గంటస్తంభం దగ్గర నా పాత శిష్యుడొకడు కనబడ్డాడు. నేనడగకుండానే పొట్ట లోపలికి లాక్కుని, ‘‘మాస్టారూ, ఒకటో తారీఖు నుంచి మొదలెట్టేస్తాను, జిమ్ముకి డబ్బులు కూడా కట్టేశాను’’ అన్నాడు. ఇవాళే ఎందుకు మొదలెట్టవురా అంటే, క్రిస్మస్ సెలవులకు పిల్లలొచ్చారట, ఇల్లంతా సందడట, ఆ వెనకే పండగట. అంటే ఒకటో తారీఖు కూడా కాదు. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ దాటి, అరిసెల డబ్బా అడుగు కనబడేసరికి జనవరి ఆఖరు. ఆ తర్వాత మాఘమాసం పెళ్ళిళ్ళు. అవయ్యాక ఎండలు. లెక్కేసి చూడండి, వ్యాయామానికి మన పంచాంగంలో ముహూర్తమే లేదు.

అసలు మన ఏడాది ఉగాదికి కదా మొదలయ్యేది? ఉగాదికి జిమ్ములో చేరినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

పోనీ, ఇప్పుడు నడుస్తున్న నెల ఏమిటి? ధనుర్మాసం. డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగి దాకా ఉంటుంది. ముప్పై రోజులు, ముప్పై పాశురాలు, రోజుకొకటి. తెల్లారకముందే గుళ్ళో గంట మోగుతుంది, హరిదాసు వీధిలోకొస్తాడు. ఆడపిల్లలు వాకిలి ఊడ్చి, కళ్ళాపి జల్లి, గొంతుక్కూర్చుని, లేచి, మళ్ళీ గొంతుక్కూర్చుని ముగ్గులేస్తారు. ఆ కూర్చుని లేవడాన్నే జిమ్ములో డబ్బు తీసుకుని చేయిస్తున్నారు. ఎవరూ బలవంతపెట్టకుండా ఊళ్ళో సగంమంది చీకట్నే లేచే రోజులివి. లేవడమే కదండీ కష్టం? ఆ కష్టం పండగే తీర్చింది. ప్రసాదం తిని తిన్నగా ఇంటికెళ్ళకుండా పెద్దచెరువు వైపు ఒక చుట్టు తిరిగి వెళ్ళండి. అయిపోయింది మీ మొదటిరోజు. మంచు మరీ దట్టంగా ఉంటే పెద్దవాళ్ళు ఎండ పొడొచ్చాకే బయల్దేరండి. గుండె మందులు, షుగరు మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి మొదలెట్టండి.

ఎంతసేపు నడవాలి అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు, కొంచెం ఆయాసం వచ్చేలా. వారానికి రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలి. అంతకుముందు కనీసం పది నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్క అనేవాళ్ళు. ఆ షరతు తీసేశారు. మేడమెట్లు రెండుసార్లెక్కినా లెక్కలోకొస్తుంది. చుట్టాలతో ఇల్లు నిండినప్పుడు గంటసేపు ఖాళీ దొరకదు, నిజమే. గంట ఎవరడిగారు? భోంచేసి మంచమెక్కకుండా పది నిమిషాలు వీధిలో తిరిగితే తిన్నదాని చక్కెర రక్తంలో ఒక్కసారిగా ఎగబాకదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. పదివేల అడుగులంటారా, అది 1960లలో జపానులో అడుగుల లెక్కల మీటరు అమ్మడానికి పెట్టిన అంకె. వేదం కాదు.

ఇంకో లెక్క కూడా వినండి. అమెరికాలో 195 మందిని నవంబరు నుంచి జనవరి దాకా తూచారు. 2000లో ఆ వివరాలు అచ్చయ్యాయి. సగటున పెరిగింది 370 గ్రాములే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఎండాకాలం వచ్చినా ఆ 370 తగ్గలేదు. మరి ఏటా ఒక పండగ వస్తుంది. అరిసెలు లేని దేశంలో ఆ లెక్క.

ఇక అసలు మాటకొస్తాను. కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. చూశానండీ.

ఈ ‘ఒకటో తారీఖు నుంచి’ అనే మాట మనకెవరు నేర్పారు? బడి నేర్పింది. నేను బడిలో ఉన్నవాణ్ణి, నాకు తెలుసు. టైంటేబుల్లో ఆఖరి పీరియడ్ ‘ఆటలు’ అని రాసుంటుంది. డిసెంబరు రాగానే లెక్కల మాస్టారు స్టాఫు రూములో నా పక్కన చేరేవాడు. ‘‘మాస్టారూ, సిలబస్ మిగిలిపోయింది, ఈ వారం మీ పీరియడ్ నాకివ్వండి.’’ ఆ వారం మార్చి దాకా సాగేది. మధ్యలో సైన్సు టీచరుగారు ఓ రెండు పట్టుకుపోయేవారు. అంతటితో ఆగేదా? హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి ఫీజు బకాయిల జాబితా రాయించేవారు. పిల్లలు వరండాలోంచి నావైపు చూసేవారు. బీరువాలో బంతి గాలి పోయి చప్పబడేది. ఎవరడిగినా ఒకటే జవాబు: ‘‘పరీక్షలయ్యాక ఆడుకుందువు గానీ.’’

పరీక్షలయ్యేవి. సెలవులొచ్చేవి. సెలవులు కదాని గేటుకు తాళం పడేది!

ఆ పిల్లాడికి పది అయ్యాక అన్నారు, ఇంటరయ్యాక అన్నారు, ఎంసెట్ అయ్యాక, ఉద్యోగం వచ్చాక, పెళ్ళయ్యాక. నలభై దాటాక డాక్టరు పిలిచి, రేపట్నుంచి నడవాలయ్యా అన్నాడు. వాడు ఒకటో తారీఖు నుంచి అంటున్నాడు. వాణ్ణేమనగలను? చిన్నప్పట్నుంచీ మనం నేర్పిన పాఠమే అప్పజెబుతున్నాడు. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్ల 10 లక్షలమంది. షుగరు అంచున ఉన్నవాళ్ళు ఇంకో 13 కోట్ల 60 లక్షలు. అందులో ఎన్ని ఆటల పీరియడ్లు మునిగిపోయాయో!

ఈ ఊరికి ఇది తగునా? వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు పెరిగిందీ కసరత్తు చేసిందీ ఇక్కడ. మద్రాసు వెళ్ళి శిక్షణ పొంది వచ్చి ఇక్కడే బడిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేశాడు. ఛాతీ మీద ఏనుగునెక్కించుకున్న కలియుగ భీముడు మా ఉద్యోగం వాడు! ఆయన పీరియడ్ అడగడానికి ఏ లెక్కల మాస్టారికి ధైర్యం చాలిందో నాకు తెలుసుకోవాలనుంది. సరే, అది పాతకథ. మన నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ ఉంది. బరువులెత్తేవాళ్ళ ఊరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 కామన్వెల్త్ ఆటల్లో పతకం తెచ్చింది. శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. సిలబస్ పూర్తయ్యాక ఎత్తుదామని కూర్చుంటే ఆ బరువు లేస్తుందా?

అమ్మా, ఈ సభలో ఆడవాళ్ళు ఇంత తక్కువమంది ఉన్నారేమి? ఎందుకో నేనే చెబుతాను. పండగ నెల, పిండివంటలు. ఆయన ఇక్కడ వాకింగ్ బూట్లేసుకుని నా మాటలకు తలూపుతున్నాడు, ఆవిడ మూకుడు ముందు నిలబడి ఉంది. పొయ్యి దగ్గర నాలుగు గంటలు నిలబడటం నడక కాదండీ, నడుంనొప్పి. అయ్యలారా, పిండి మరకు మీరు మోసుకెళ్ళండి, అరిసెలు మీరు వత్తండి, ఆవిడని చెరువు వైపు పంపండి. తలూపడం కాదు, చేస్తారా? ... చప్పట్లు సగమే వినిపించాయి.

ఒకరోజు మానేస్తే మొత్తం పోతుందని భయపడేవాళ్ళకు ఒక్కమాట. లండన్లో పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో రాశారు. కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందట. ఒకరికి 18 అయితే ఇంకొకరికి 254 అని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పితే పెద్ద నష్టమేమీ లేదన్నారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మీరూ కదలకండి, గారెలు తినండి. ముక్కనుమ నాడు రండి. ఇవాళ మొదలెడితే మార్చి మొదటివారానికి 66 అవుతాయి. అప్పటికి మా లెక్కల మాస్టార్లు ఇంకా సిలబస్ వెనక పరిగెడుతూనే ఉంటారు.

ఆఖరుగా ఒక పని. సంక్రాంతి సెలవుల్లో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు బడి మైదానాలు తెరిచి ఉంచాలని అధికారులకు అర్జీ రాశాను. పిల్లలకు నేను ఆట నేర్పిస్తాను, జీతం అక్కర్లేదు, బంతులు సంఘం కొనాలి. కాగితం ఆ తలుపు పక్క బల్ల మీద ఉంది, కలం దానికే కట్టి ఉంది. భోజనాలు దాని అవతల వడ్డిస్తున్నారు. సంతకం పెట్టినవాళ్ళకే విస్తరి వేయమని వడ్డన కుర్రాళ్ళకు చెప్పి వచ్చాను. నమస్కారం.