మెట్రిక్ అయ్యాక ఎవరొస్తారు?

(ఒడిశాలోని గుణుపురంలో, చర్చి కోత పండుగ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు. వేదిక మీదున్న అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, పర్లాకిమిడి నుంచి తెల్లారకుండానే బస్సెక్కి వచ్చిన స్త్రీల సమాజం అమ్మలకు, వంట పొగలో ఉండి నా మాట వినబడని తమ్ముళ్ళకు, ముందు వరుసలో చాప మీద కూర్చున్న హాస్టల్ పిల్లలకు. ఎవరినైనా మర్చిపోతే ఇందాక అధ్యక్షులవారు చెప్పిన వరుసలో నేనూ చెప్పాననుకోండి. ఈ బంతిపూల దండ మెడకు దురద పెడుతోంది. తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. గంట కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు. కరపత్రంలో నా అంశం ‘పేదరికం నుంచి బాలల విమోచన’ అని అచ్చువేశారు. విమోచన చాలా పెద్ద మాట. నేను పోస్టాఫీసులో నలభై ఏళ్ళకు దగ్గరగా ముద్రలు కొట్టినవాణ్ణి. చిరునామా ఉన్న మాటైతేనే నాకు అర్థమవుతుంది. అయినా రాత్రి కూర్చుని మూడు ముక్కలు రాసుకొచ్చాను. మొదట చరిత్ర, తర్వాత చట్టం, ఆఖర్న మనం చేయాల్సిన పని. ఎంతవరకు వెళ్తానో చూద్దాం.

దిక్కులేని పిల్లల్ని చేరదీయడం ఈ సరిహద్దులో నిన్నా మొన్నా మొదలైన పని కాదు. 1840ల్లో గంజాం కొండల్లో మెరియా అనే నరబలి కోసం కొని ఉంచిన పిల్లల్ని ఈస్టిండియా కంపెనీ అధికారులు విడిపించి తెచ్చారు. వాళ్ళలో కొందరిని బరంపురం, కటకం బాప్తిస్టు మిషన్ బడుల్లో పెట్టారు. తర్వాత 1866 కరువు వచ్చింది. ఒడియావాళ్ళు నఅంక దుర్భిక్షం అంటారు. సుమారు 10 లక్షల మంది పోయారని లెక్క. అమ్మానాన్నలు పోయిన పిల్లలు మళ్ళీ మిషన్ గుమ్మాల్లోనే తేలారు. 1882లో జర్మనీ నుంచి బ్రెక్లుమ్ మిషన్ వాళ్ళు కోరాపుట్ కొండెక్కారు. 1954లో డెన్మార్క్ డాక్టరమ్మ లిస్ మాడ్సెన్ బిస్సంకటక్‌లో ఆసుపత్రి మొదలుపెట్టారు. ఇవన్నీ మన జూబిలీ పుస్తకాల్లో ఉండేవే. నాకు పట్టుకున్నది అందులో ఒక చిన్న సంగతి. మెరియా పిల్లలు పెద్దయ్యాక కొందరికి భూమి ఇచ్చి సేద్యంలో పెట్టారు. చేరదీసిన పిల్లవాడు ఒకరోజు పెద్దవాడవుతాడు, వాడికి బతుకు కావాలి అని ఆ రోజుల్లోనే ఎవరికో తట్టిందన్నమాట. మనకు ఇంకా తట్టలేదు.

కోపంగా మాట్లాడుతున్నానా? ఇంకా మొదలే పెట్టలేదు.

అసలు పిల్లలు హాస్టల్‌కు ఎలా వస్తారు? ‘పేదవాళ్ళు కదా, అందుకని’ అంటాం. పేదరికం ఒక్కరోజులో వచ్చి ఇంట్లో కూర్చోదు. మా ఇంట్లో ఎలా వచ్చిందో చెబుతాను. మాకు రెండు చింతచెట్లు ఉండేవి. ఏటా చింతపండు అమ్మితే సంవత్సరానికి సరిపడా ఉప్పు, కిరసనాయిలు, బట్టలు వచ్చేవి. అమ్మకు మలేరియా జ్వరం తగులుకుంది. మందులకని ఒక చెట్టును షావుకారికి తాకట్టు పెట్టాం. కాపు వాడిది, నీడ మాది. మరుసటేడు జ్వరం మళ్ళీ వచ్చింది, రెండో చెట్టూ పోయింది. ఆ పై ఏడు నేను హాస్టల్‌కు వచ్చాను. చెట్టుకూ హాస్టల్‌కూ మధ్య ఉన్నది ఒక్క జ్వరం. అందుకే బిస్సంకటక్ పేరెత్తాను. దోమతెర ఇచ్చినవాళ్ళు కూడా పిల్లల్ని పేదరికం నుంచి తప్పించినవాళ్ళే. వాళ్ళతో మాత్రం ఎవరూ ఫొటో దిగరు.

ఫొటో అన్నాను కాబట్టి ఒక ముచ్చట. మా హాస్టల్ పేరు చెప్పను. అది ఇప్పుడు లేదు, వార్డెన్‌గారూ లేరు. అక్కడ మాకు మూడు పూటలా అన్నం పెట్టారు, చదువు చెప్పారు, గజ్జికి మందు రాశారు. ఆ అన్నం తిని ఎదిగినవాణ్ణి, కాదనను. సముద్రాల అవతల ఒక్కో పిల్లవాడికి ఒక్కో దాత. ఏడాదికోసారి దాతకు ఫొటో పంపాలి. ఫొటోల రోజున ఒక గళ్ళ చొక్కా వచ్చేది. ఒకడు తొడుక్కుని దిగి విప్పితే ఇంకొకడు తొడుక్కునేవాడు. నా వంతు వచ్చేసరికి చంకలు తడిగా ఉండేవి. ఏయే దేశాల్లోనో ఎవరెవరి ఇళ్ళలోనో గోడల మీద రకరకాల పిల్లలు, చొక్కా మాత్రం ఒక్కటే. మీరు నవ్వుతున్నారు. మేమూ నవ్వేవాళ్ళం.

నవ్వురానిది ఉత్తరం. నల్లబల్ల మీద రాసి పెట్టేవారు: ‘ప్రియమైన అమ్మగారూ, నేను బాగున్నాను. మా ఇంట్లో అందరూ బాగున్నారు. బాగా చదువుతున్నాను. మీ కోసం ప్రార్థిస్తున్నాను.’ అదే అందరం ఎక్కించాలి. నా పక్కన కూర్చునే సవర పిల్లవాడికి తెలుగు సరిగా రాదు. బొమ్మ గీసినట్టు అక్షరాలు గీసేవాడు. ఈ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకుని, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. ఆయన క్రైస్తవుడు కాడు, ఏ మిషనూ జీతమివ్వలేదు. ఆ ఊరికి ఇంత దగ్గరలో ఉండి మేం సవర పిల్లవాడి చేత బల్ల మీది తెలుగు గీయించాం. నేను చెప్పబోయింది అది కాదు. మా అమ్మ పోయిన నెలలోనే ఉత్తరాల రోజు వచ్చింది. ‘మా అమ్మ చనిపోయింది’ అని రాశాను. వార్డెన్‌గారు చూసి, తిట్టలేదు, మెల్లగానే చెప్పారు: ‘దాతలు బాధపడతారు బాబూ, బల్ల మీద ఉన్నట్టు రాయి.’ కొత్త కాగితం ఇచ్చారు. మా ఇంట్లో అందరూ బాగున్నారు అని రాశాను.

గంట కొట్టకండి అయ్యా, ఇంకా పెట్టె దగ్గరికే రాలేదు.

1981లో మెట్రిక్ ప్యాసయ్యాను. ప్యాసైతే హాస్టల్ పని అయిపోయినట్టే. ప్రార్థన చేశారు, టీసీ ఇచ్చారు, బైబిలు ఇచ్చారు, నా ట్రంకుపెట్టె నాకే ఇచ్చేశారు. ఎర్ర రంగు మీద తెల్లగా 47 అని నా నంబరు. అందులో రెండు చొక్కాలు, ఒక దుప్పటి. మోసుకుని గేటు దాకా వచ్చాను. వెనక నుంచి వార్డెన్‌గారు పిలిచారు. ఆశీర్వదిస్తారనుకున్నాను. ‘పెట్టె నీది, తాళం హాస్టల్‌ది’ అన్నారు. కొత్తగా వచ్చే పిల్లవాడికి కావాలట. తాళం విప్పి ఇచ్చాను. బావి దగ్గర తెగిపడి ఉన్న కొబ్బరితాడు ముక్కతో పెట్టె కట్టుకుని స్టేషన్‌కు నడిచాను.

ఆ రోజుల్లో గుణుపురం నుంచి నౌపడకు చిన్న రైలు. కుర్రాళ్ళు చూసి ఉండరు, 2004లో ఆగిపోయింది, ఇప్పుడు పెద్ద రైలు తిరుగుతోంది. బొగ్గు ఇంజిను. దిగి కొంతదూరం పక్కనే నడిచి మళ్ళీ ఎక్కేవాళ్ళం, అంత నెమ్మది. ఆ రైల్లో పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, తాడు జారిపోతుందేమోనని. ఆరేళ్ళు అన్నం పెట్టినవాళ్ళను పట్టుకుని ఒక్క తాళం గురించి ఇంత మాట్లాడతావా అని మా ఆవిడ కూడా అంటుంది. నిజమే. ఇన్నేళ్ళయినా నాకు కోపం ఆ తాళం మీదే. అన్నం ఎంత తిన్నానో గుర్తులేదు. తాళం గుర్తుంది.

పలాసలో తేలాను. జీడిపప్పు షెడ్డులో బస్తాలు మోసి, గింజలు కాల్చే చోట పని. జీడి రసం గురించి ఇక్కడ తెలియనివాళ్ళుండరు. చర్మం మీద పడితే కాలుస్తుంది, నల్లగా తోలు లేస్తుంది. పది రోజులకు నా వేళ్ళు పొక్కాయి. కూర కలుపుకోవాలంటే మంట. ఉత్త అన్నమే చెంచాతో తినేవాణ్ణి. హాస్టల్‌కు రాయాలనిపించలేదు. ఏం రాయాలి? నేను బాగున్నాను అనా?

మూడు నెలలకు మా హాస్టల్ వంటావిడ వచ్చింది. దొడ్డమ్మ అని పిలిచేవాళ్ళం. చదువు రాదు. చిన్న రైల్లో నౌపడ వచ్చి, అక్కడ రైలు మారి పలాసలో దిగి, కనబడిన షెడ్డులో కనబడిన మనిషినల్లా ‘గుణుపురం గుంటడు ఉన్నాడా’ అని అడుగుతూ వచ్చిందట. చేతిలో చోడిపిండి మూట, చిన్న గిన్నెలో ఎండుచేపల కూర. నా చేతులు చూసింది. ఏమీ అనలేదు. కుళాయి దగ్గర తన చేతులు కడుక్కొచ్చి, షెడ్డు బయట గట్టు మీద కూర్చోబెట్టి, అన్నంలో కూర కలిపి ముద్దలు నోట్లో పెట్టింది. మీసాలొస్తున్న వయసు నాది. పప్పు తీసే ఆడవాళ్ళంతా నవ్వారు. నాకు సిగ్గేసింది. నోరు మాత్రం తెరిచాను.

తర్వాత మూడేళ్ళలో ఆవిడ ఇంకా రెండుసార్లు వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు, ఫలానా ఊరి పోస్టాఫీసుకు సంచి మోసే మనిషి కావాలట, మెట్రిక్ చదివినవాడైతే మరీ మంచిదట అని చెప్పింది. అలా నేను తపాలా శాఖలో పడ్డాను. ఇదీ నా విమోచన, చిరునామాతో సహా.

యాకోబు పత్రిక మొదటి అధ్యాయం మనలో చాలామందికి కంఠతా వచ్చు. దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రను వాళ్ళ ఇబ్బందిలో ఏం చేయమని ఉంది? చెప్పండమ్మా, గట్టిగా. పరామర్శించమని. మన తెలుగువాళ్ళకు పరామర్శ అంటే ఏమిటి? ఎవరింట్లోనైనా కష్టం వస్తే మనిషి వెళ్ళి గుమ్మంలో నిలబడటం. డబ్బు పంపితే సాయం అంటాం, పరామర్శ అనం. దాతలు డబ్బు పంపారు, సంతోషం. పరామర్శ చేసింది దొడ్డమ్మ ఒక్కతే.

మన గురించి బయట అనే మాట మీకు తెలుసు. అన్నం పెట్టి మతం మారుస్తారని. ఒడిశాలో దీన్ని నిషేధిస్తూ 1967 నుంచీ చట్టం ఉంది. ఎదుటివాళ్ళ మీద కోప్పడేముందు మనల్ని మనం చూసుకోవాలి. సాయంత్రం ప్రార్థనకు రాని పిల్లవాడికి అన్నం ఆఖర్న పెట్టిన వార్డెన్‌ను నేను కళ్ళారా చూశాను. అది తప్పు. అన్నానికి షరతు ఉండకూడదు. ఇంతకుమించి చెప్పను, అయ్యగార్ల ముఖాలు మారుతున్నాయి.

చట్టం సంగతి. 2015 బాలల న్యాయచట్టం ప్రకారం పిల్లల్ని ఉంచుకునే ప్రతి సంస్థా రిజిస్టర్ కావాల్సిందే. లేకపోతే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా. ‘దేవుని పనికి రిజిస్ట్రేషన్ ఎందుకు’ అనే పెద్దలు ఇంకా ఉన్నారు. దయచేసి అనకండి, పిల్లలు లెక్కలో ఉండటం వాళ్ళకే మంచిది. ఇదే చట్టంలో మనం చదవని ముక్క ఇంకొకటుంది. సంస్థలో పెరిగిన పిల్లలకు 18 నిండాక 21 వరకు తర్వాతి సంరక్షణ. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. కానీ దానికి దరఖాస్తు పెట్టాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, ఆధార్‌లో పేరు సరిచేయించాలి, రాయగడలో జిల్లా ఆఫీసు చుట్టూ తిరగాలి. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒక్కర్తీ తిరగలేదు. పక్కన ఒక పెద్దమనిషి ఉంటే గుమాస్తా కూడా కుర్చీ చూపిస్తాడు. పోస్టాఫీసులో కుర్చీ చూపించినవాణ్ణి, చూపించనివాణ్ణి కూడా నేనే, అందుకని తెలుసు.

విదేశీ డబ్బు గురించి ఒక్క మాట. 2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ అనే అమెరికా క్రైస్తవ సంస్థ మన దేశంలో పని ఆపేసినప్పుడు 1,40,000కు పైగా పిల్లలకు ఆ సాయం నిలిచిపోయింది. 2020లో విదేశీ విరాళాల నిబంధనలు ఇంకా బిగిశాయి, ఆఫీసు ఖర్చులకు వాడే వాటా 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఎవరిది తప్పని ఇక్కడ వాదించను. డబ్బు అలా ఒకరోజు ఆగిపోతుంది, అంతే. పొయ్యి మీద అన్నం వండేముందు మన అమ్మలు తీసి పక్కన పెట్టే పిడికెడు బియ్యాన్ని ఏ ఆఫీసూ ఆపలేదు. ఈ రోజు కోత పండుగకు ఈ హాస్టల్ కోసం వచ్చిన బస్తాలు గోడవారగా కనబడుతున్నాయి. గుమ్మడికాయలు కూడా. ఆ పెద్ద గుమ్మడికాయ వేలంలో నాకు వస్తే బాగుండు.

గంట వినబడింది. ఆఖరి ముక్క.

చాప మీద కూర్చున్నవాళ్ళలో ఏడుగురు వచ్చే ఫిబ్రవరిలో మెట్రిక్ రాస్తారు. లేచి నిలబడమని చెప్పను, సిగ్గుపడతారు. కిందటేడు వెళ్ళినవాళ్ళలో ఇద్దరు ఆడపిల్లలు తిరుప్పూరు మిల్లుకు పోయారు. ఒకడు పలాసలోనే ఉన్నాడు. మిగతావాళ్ళ సంగతి అడిగితే ఆఫీసులో ‘బాగున్నారు’ అన్నారు. ఆ మాట నేను బల్ల మీద చదివిన మాటే.

నిన్న బజారులో ఏడు తాళాలు కొన్నాను. ఇత్తడివి. ఒక్కోదానికి రెండేసి తాళంచెవులు. పరీక్షలయ్యాక ఇస్తాను, తిరిగి అడగను.

మీ దగ్గర డబ్బు అడగడం లేదు, పర్సులు తీయకండి. హాస్టల్ వదిలిన పిల్లల దగ్గరికి మూడు నెలలకోసారి మనిషి వెళ్ళాలి. తిరుప్పూరు దూరమే. సంఘం టికెట్టు కొంటుంది, అధ్యక్షులవారు నిన్న నా ముందు ఒప్పుకున్నారు, ఇప్పుడు మీ అందరి ముందు తల ఊపుతున్నారు, చూడండి. ఆడపిల్లల దగ్గరికి ఆడవాళ్ళే వెళ్ళాలి. ఎవరినైనా పంపేముందు వార్డెనమ్మ మీ గురించి విచారిస్తుంది. పెద్దమనిషినే అనుమానిస్తారా అని కోపం తెచ్చుకోవద్దు. అనుమానించాలి.

గుమ్మం దగ్గర స్టూలు మీద ఒక నోటుపుస్తకం పెట్టాను. మీ పేరు, ఊరు, ఫోను నంబరు, ఏ నెలలో వెళ్ళగలరో రాయండి. భోజనం తర్వాత రాద్దామనుకుంటే మర్చిపోతారు, వెళ్ళేముందే రాయండి. పెన్ను పట్టుకుపోతారేమోనని దారంతో కట్టాను. పోస్టాఫీసు అలవాటు.