నీళ్లు నడిచిన వంతెన

శ్రోతలకు నమస్కారం. గన్నవరం అనగానే చాలామందికి విమానాశ్రయం గుర్తొస్తుంది. ఇది ఆ ఊరు కాదు, కోనసీమలోని పి.గన్నవరం. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు నగరం లంక చేలకు అందాలంటే దారిలో గోదావరి పాయే అడ్డం. అందుకే కాటన్ దొర హయాంలో, 1851-52లో, లెఫ్టినెంట్ హేగ్ వైనతేయ అనే ఆ పాయ మీద కాలువకు వంతెన కట్టించాడు. ఊళ్లోవాళ్లకు అది అక్విడక్టు.

ఖానాలు 49. ఒక్కో కమాను వెడల్పు 40 అడుగులు, స్తంభం మందం 6 అడుగులు. మొత్తం పొడవు 2,248 అడుగులు. నలభై అడుగుల కమానుకు ఆరడుగుల స్తంభమేమిటని తాపీ మేస్త్రి ఎవరైనా అడుగుతాడు. కమాను బరువును కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. అటు కమాను ఇటు, ఇటు కమాను అటు తోస్తే స్తంభం మీద ఆ రెండు తోపులూ చెల్లిపోతాయి. కాబట్టి సన్నని స్తంభం చాలు. అందులోనే ప్రమాదం కూడా ఉంది. ఒక కమాను కూలితే పక్కదానికి ఆనిక పోతుంది.

రోడ్డు వంతెన మీదికి బండి ఎక్కితే బరువు పెరుగుతుంది. కాలువ వంతెన మీదికి పడవ వచ్చినా పెరగదు. పడవ తన బరువంత నీటిని పక్కకు నెట్టేస్తుంది కదా! బరువంతా నీళ్లదే, ఘనమీటరుకు ఒక టన్ను.

ఇలాంటి పాత కట్టడాలకు చేటు రెండు వైపుల నుంచి వస్తుంది. కింద డెల్టా ఇసుక. వరద స్తంభాల చుట్టూ సుడి తిరిగి ఆ ఇసుకను కోసుకుపోతుంది. పునాది దగ్గర బండరాళ్లు పేర్చేది అందుకే, అక్కడ ఇసుక తవ్వడమంటే పునాది తవ్వడమే. పైనుంచి ఊట. కమాను అడుగున తెల్లటి చారలు కనిపిస్తే గానుగ సున్నం కరిగి కారుతోందని అర్థం. ఆ సందులోనే రావి మొలుస్తుంది. కొమ్మ నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో తీయాలి. తీశాక సిమెంటు కూరకండి. అది గట్టిది, చెమ్మను బయటికి పోనివ్వదు, పక్కనున్న మెత్తని ఇటుక పెచ్చులూడుతుంది. సున్నంలో ఇటుకపొడి, ఇసుక కలిపి నూరిన పాత అడుసే వాడాలి. అది నెమ్మదిగా గట్టిపడుతుంది, కొన్ని వారాలు తడుపుతూ ఉండాలి.

2000లో పక్కనే కొత్త అక్విడక్టు వచ్చింది. దానికి ఆ ప్రాంతపు అన్నపూర్ణ డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.