మామ ఎవరింటికి వెళ్లాలి?

అధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం. ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి. ఆయన పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో లెక్కల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం బెదిరారు. పది నిమిషాలిచ్చారు. దండలకే మూడు అయిపోయాయి.

వివిధ దేశాల ఉన్నత పాఠశాల పిల్లలకు విలోమ ప్రమేయం ఎంతవరకు అర్థమవుతోంది, ఇదీ నా అంశం. ప్రమేయం ఒకదాన్ని ఇంకొకటిగా మారిస్తే, దాన్ని మళ్లీ మొదటిదిగా వెనక్కి తెచ్చేదే విలోమ ప్రమేయం. 2005లో ఒడిశా, రాజస్థాన్ తొమ్మిదో తరగతి పిల్లలకు అంతర్జాతీయ పరీక్షలోని లెక్కలిచ్చి చూస్తే, 51 దేశాల్లో 43 మనకు పైనే ఉన్నాయి. ఆ పట్టిక చూపి మన పిల్లలను మొద్దులనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. విలోమం దగ్గర పిల్లలను పడగొట్టేది మాట, గుర్తు. ఫ్రాన్సులో 'ఇన్వెర్స్' ప్రమేయమంటే ఒకటి బై ఎక్స్. మన విలోమ ప్రమేయం వాళ్లకు 'రెసిప్రోక్'. ఇంగ్లీషులో ఆ రెండు మాటలూ సరిగ్గా తిరగబడ్డాయి! పైగా విలోమానికి గుర్తుగా 1813లో హెర్షెల్ అనే ఇంగ్లీషు గణితవేత్త ఎఫ్ నెత్తిన పెట్టిన ఆ మైనస్ ఒకటి. దాన్ని చూసి ఘాతమనుకుని భాగహారానికి దిగే పిల్లలు ఏ దేశంలో లేరు?

పట్టిక పక్కన పెడతాను. నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 'విలోమం కావాలంటే ఎక్స్, వై తారుమారు చేసెయ్యండి' అని అప్పట్లో నేనూ చెప్పేవాణ్ని. ఆ అమ్మాయి లేచి, "మాస్టారూ, ఒడియాలో మాము అంటే అమ్మ తమ్ముడు, శశుర అంటే పెళ్లయ్యాక వచ్చే మామగారు. తెలుగులోకి తెస్తే ఇద్దరూ మామే. మళ్లీ ఒడియాలోకి పంపితే మామ ఎవరింటికి వెళ్లాలి?" అంది. తరగతి గొల్లుమంది. నా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. అన్వేకం కాకపోతే, అంటే వేర్వేరు వాటికి వేర్వేరు జవాబులు రాకపోతే, విలోమం లేదన్నది అదే కదండీ! మూడు, మైనస్ మూడు, రెండింటి వర్గమూ తొమ్మిదే. తొమ్మిది ఎవరింటికి వెళ్లాలి?

పరీక్షలో వర్గ ప్రమేయానికి విలోమం అడిగారు. వర్గమూలమని రాసినవాళ్లందరికీ మార్కులు పడ్డాయి. ఈ అమ్మాయి లేదని, ఎందుకు లేదో మామతో సహా రాసింది. సున్నా. పక్కన ఎర్ర సిరాతో 'అప్రస్తుతం'. దిద్దినవారి పేరు చెప్పను. తిరిగి దిద్దమని రెండుసార్లు అడిగాను, వినలేదు.

సవర గిరిజనుల పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పంతులు గారు ఆ భాష నేర్చుకున్నారు. మనకు ఆ అమ్మాయి తెలుగు, ఒడియా రెండూ వచ్చు. అయినా వినిపించలేదు!

గంట కొడుతున్నారు, ఆపేస్తాను. ఆ కాగితం ఇదే. మడతల దగ్గర చిరుగుతోంది. ఉపాధ్యాయులు ఒక్కొక్కరే చూసి పక్కవారికివ్వండి. చివరికి మళ్లీ నా చేతికే రావాలి, నకలు తీయించలేదు.