చెరువు మట్టి ముందుగా ఏ చేనుకు తోలాలి? ఉపగ్రహ చిత్రాలతో ప్రణాళిక

నమస్కారం. అనంతపురం జిల్లాలో వర్షాధారంగా వేరుశనగ వేసే ఎర్ర నేలల్లో, చెరువు మట్టి ముందుగా ఏ చేలకు తోలాలో, పంట కుంటలు ఎక్కడ తవ్వాలో ఉపగ్రహ చిత్రాల సాయంతో ఎలా తేల్చుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే చోట, ట్రాక్టరు బాడుగకు పెట్టే ప్రతి రూపాయి అవసరమైన చేనుకే చేరాలి.

యూరప్ ఉపగ్రహ చిత్రాలు దొరికే కోపర్నికస్ బ్రౌజర్ వెబ్‌సైటులో లాగిన్ అయి, మీ ఊరి మీదికి వెళ్లి, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో, గాలి పొరల ప్రభావాన్ని సవరించిన లెవల్-2ఏ రకాన్ని ఎంచుకోండి. మేఘాల శాతం తగ్గించి, ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా తేదీలు పెట్టి, చిత్రాన్ని దింపుకోండి. ఇదంతా తెరపై కనిపిస్తూనే ఉంది. ఇలాగే కనీసం మూడు ఖరీఫ్‌ల చిత్రాలు కావాలి, ఎందుకంటే ఆ ఏడు వాన రాక ఎండిన చేనేదో, మట్టి కొట్టుకుపోయి ఏటా ఎండే చేనేదో ఒక్క చిత్రం చెప్పలేదు.

పటాల పనికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ తెరిచి బీ04 (ఎరుపు కాంతి), బీ08 (పరారుణ కాంతి) ఫైళ్లను లోపలికి లాగండి. మెనూలలో వెతకడం కన్నా ఫోల్డరు నుంచి నేరుగా లాగి వదలడమే నాకు ఇష్టం, పని త్వరగా అవుతుంది. ఇక్కడ ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, 10 మీటర్ల చదరం, అంటే ఎకరానికి సుమారు 40 చుక్కలు. చిన్న కమతానికి కూడా ఇది చాలు.

ఇప్పుడు చెప్పేది మాత్రం నిదానంగా వినండి, వీడియో ఆపి మరోసారి చూసినా మంచిదే. 2022 జనవరి 25 నుంచి వచ్చిన చిత్రాలలో ప్రతి చుక్క విలువకు 1000 అదనంగా కలిపి ఉంటుంది. దాన్ని తీసేయకుండా పాత చిత్రంతో పోలిస్తే, బాగున్న చేను కూడా పాడైనట్టు కనిపిస్తుంది. ఈ చుక్క చూడండి. ఎరుపు 1500, పరారుణం 3000 ఉంటే, పంట పచ్చదనాన్ని చూపే సూచీ ఎన్‌డీవీఐ (రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది) 0.33 వస్తుంది. అదే చుక్క 2500, 4000గా నమోదైతే 0.23కు పడిపోతుంది. పంట మారలేదు, నేల మారలేదు, లెక్క మాత్రమే మారింది. పాత చిత్రాలనూ కొత్త పద్ధతిలో మళ్లీ తయారు చేశారు కాబట్టి తేదీని నమ్మకండి, దింపుకున్న మొత్తం ఫోల్డరు పేరు చూడండి. పేరులో ఎన్0400 గానీ అంతకన్నా పెద్ద సంఖ్య గానీ ఉంటే 1000 తీసివేసి, ఆ తర్వాత 10000తో భాగించండి. పాతదైతే భాగిస్తే చాలు.

మొక్కల మధ్య ఎర్ర మట్టి బాగా కనిపించే చేలలో నేను ఎన్‌డీవీఐ కన్నా, నేల ప్రభావాన్ని తగ్గించి చూపే ఎస్ఏవీఐ సూచీనే ఎంచుకుంటాను. పరారుణం నుంచి ఎరుపు తీసివేసి 1.5తో గుణించి, ఆ రెండింటి మొత్తానికి 0.5 కలిపి భాగించడమే. ఇందులో 0.5 ఉంది కాబట్టి, 10000తో భాగించకుండా వేస్తే ఆ సవరణకు అర్థమే ఉండదు.

మూడేళ్లలోనూ తక్కువ విలువ చూపిన చేలను ఇలా గుర్తించండి. వాటిలో బీడు పెట్టినవి, ఆలస్యంగా విత్తినవి కూడా ఉంటాయి, ఆ సంగతి రైతునే అడగాలి.

వాలు కోసం ఇస్రో వెబ్‌సైటు భువన్ నుంచి కార్టోశాట్ ఉపగ్రహపు ఎత్తుల పటం దింపుకొని, క్యూజీఐఎస్‌లో స్లోప్ నొక్కండి. నీరు ఏ వంక వైపు సాగుతుందో, పంట కుంటకు ఏ పల్లం అనువో ఎత్తుల పటం, వాలు రెండూ చూసి అంచనా వేయవచ్చు. 30 మీటర్ల చుక్కలో చేను గట్టు కనిపించదు గనుక, గట్ల కొలతకు ఈ పటాన్ని వాడకండి.

చివరగా, గుర్తించిన చేలలో బిందువులు పెట్టి, వాటిని క్యూఫీల్డ్ అనే యాప్‌తో ఫోనులోకి ఎక్కించుకోండి. ఒక్కో బిందువు దగ్గర గడ్డపారతో తవ్వి, రాయి తగిలే దాకా మట్టి ఎంత లోతుందో కొలిచి, ఆ లోతును అక్కడే నమోదు చేయండి. మట్టి పలచగా ఉన్న చేల జాబితా సిద్ధమయ్యాకే ట్రాక్టర్లు మాట్లాడుకోండి.