ఇంట్లో సముద్రానికి చోటు చూసేటప్పుడు

సభలోని పెద్దలకు, చేపల పెంపకం మీద మక్కువతో వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఇంట్లో పెద్ద సముద్రపు అక్వేరియం కట్టుకోవాలనుకునేవారు నన్ను మొదట అడిగేది అందులో ఏ చేపలు వేసుకోవచ్చునని. నేను వారిని ఎదురు అడిగేది మీ చెయ్యి ఎంత పొడవని. ఇది వేళాకోళం కాదు. అడుగున పడిన పగడపు ముక్కను తీయాలన్నా, మూలల్లో పట్టిన నాచును గీకాలన్నా చెయ్యి అక్కడిదాకా వెళ్ళాలి. లోతు 70 సెంటీమీటర్లు దాటితే భుజం తడుపుకున్నా చాలామందికి అడుగు అందదు. అటువంటి తొట్టెను 90 సెంటీమీటర్ల స్టాండు మీద నిలబెడితే దాని పై అంచు నేలకు 160 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది కనుక, ఎక్కి నిలబడడానికి గట్టి స్టూలు, పైకప్పుకు కిందుగా తలా భుజాలూ పట్టేంత ఖాళీ కూడా మన నక్షాలో ఉండాలి.

మాట్లాడుకునే వీలు కోసం 200 సెంటీమీటర్ల పొడవు, 80 వెడల్పు, 70 ఎత్తు ఉన్న తొట్టెను అనుకుందాం. అంచుదాకా నింపితే 1,120 లీటర్లు పడుతుంది. అప్పుడు ముందు అద్దాన్ని నీరు తోసే బలం దాదాపు 500 కిలోల బరువుతో సమానం. ఈ తోపుడు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే ఎత్తు రెట్టింపయితే తోపుడు నాలుగింతలవుతుంది. వెడల్పు ఎంత పెంచినా ముందు అద్దానికి కొత్త భారం ఉండదు. తొట్టె పెద్దదిగా కావాలనుకునేవారు పైకి కాకుండా వెనక్కి పెంచుకోవాలని నేను చెప్పేది అందుకే. చేప తిరగడానికి, రాళ్ళను గోడలా కాక గుట్టల్లా పేర్చడానికి ఆ వెడల్పే పనికొస్తుంది.

ఇక బరువు. లీటరు సముద్రపు నీరు కిలో మీద మరో 25 గ్రాములు తూగుతుంది కాబట్టి నీరే 1,150 కిలోల దాకా ఉంటుంది. అద్దం, రాళ్ళు, స్టాండు, కింది సంప్ (పై తొట్టె నుంచి దిగిన నీరు చేరే చిన్న తొట్టె; అక్కడి నుంచి పంపు మళ్ళీ పైకి పంపుతుంది) కలిపితే టన్నున్నర దాటుతుంది. ఈ భారమంతా నిలిచేది 1.6 చదరపు మీటర్ల చోటులో. నివాస గృహాల అంతస్తులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన కడతారు. దీని అర్థం అంతస్తు ఆ క్షణమే కూలుతుందని కాదు. తొట్టె గది నడుమ ఉందా, గోడ వారగా ఉందా, కింది దూలాలకు అడ్డంగా ఉందా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. ఆ లెక్క మన ఊహతో కాక నిర్మాణ ఇంజనీరు చేతిమీదుగా జరగాలి.

సంప్ గురించి మాత్రం నా సొంత అనుభవం చెప్పకుండా ఉండలేను. నా మొదటి తొట్టె 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు ఉండేది. సంప్ నుంచి నీటిని పైకి తెచ్చే గొట్టం మూతిని నీటి మట్టానికి 10 సెంటీమీటర్ల లోతున బిగించి, కరెంటు పోయినప్పుడు నీరు వెనక్కి లాక్కుపోకుండా గాలి పీల్చడానికి దానికి పైన చిన్న రంధ్రం పెట్టాను. కొన్ని నెలలకు ఆ రంధ్రంలో నాచు పేరుకుంది. ఒక రాత్రి కరెంటు పోయింది. మూతి గాలికి తేలేదాకా, అంటే 60 లీటర్లు, పైనుంచి కిందికి దిగింది. సంప్‌లో ఖాళీ 20 లీటర్లే. మిగిలిన 40 లీటర్ల ఉప్పునీటిని తెల్లవారేదాకా తువ్వాళ్ళతో పిండుతూ కూర్చున్నాను. ఆనాటి నుంచి గొట్టం మూతిని నీటి మట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్లు మించి దించలేదు. మనం అనుకున్న పెద్ద తొట్టెలో మట్టం రెండు సెంటీమీటర్లు తగ్గినా 32 లీటర్లు కిందికి వస్తుంది. సంప్‌లో అంతకు మించిన ఖాళీ ఎప్పుడూ ఉండాలి.

కుళాయి నీటిలోని ఫాస్ఫేటు, నైట్రేటు నాచును పెంచుతాయి, రాగి కొద్దిగా ఉన్నా రొయ్యలకూ పగడాలకూ ప్రాణాంతకం, కాబట్టి ఆర్.ఓ. వడపోత తరువాత మిగిలిన లవణాలను కూడా తీసేసే డీ-అయనైజింగ్ దశ దాటి, నీటిలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపే నీటిలోనే ఉప్పు కలపాలి. లవణీయత కిలో నీటికి 35 గ్రాములు. తొలిసారి నింపడానికి ఉప్పు మిశ్రమం 40 కిలోల దాకా పడుతుంది. ఆ తరువాత పదోవంతు నీరు మార్చిన ప్రతిసారీ 112 లీటర్లు బయటికి పోవాలి, అంతే లోపలికి రావాలి. 15 లీటర్ల బకెట్‌తో అయితే అటు ఎనిమిది, ఇటు ఎనిమిది విడతలు. ఉత్సాహం ఉన్న మొదటి రెండు నెలలు ఎవరైనా మోస్తారు, మూడో నెల నుంచి వాయిదాలు మొదలవుతాయి. అందువల్ల ఉప్పు కలిపే డ్రమ్మును, మురుగు కాలువకు వెళ్ళే గొట్టాన్ని నక్షాలోనే గీయండి. రోజూ ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది గనుక ఆ లోటును పూడ్చేది కూడా ఉప్పు కలపని నీటితోనే.

నీరు నింపగానే చేపలు వేయకూడదు. చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, మరొక రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. అవి రాళ్ళ రంధ్రాల్లో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సముద్రపు రాళ్ళలోని జీవజాలమే నీటిని శుద్ధి చేయగలదని ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో రాశారు. అప్పటికి అభిరుచి గలవారు ఎక్కువగా శుభ్రం చేసిన చచ్చిన పగడాలనే అలంకారంగా పెట్టేవారు. నీటిలోని మలినాలను నురుగుతో లాగేసే స్కిమ్మర్లు, ఇతర యంత్రాలు ఎన్ని వచ్చినా బరువు మోసేది ఇప్పటికీ ఆ రాళ్ళేనని నా అభిప్రాయం.

చేపల విషయంలో అంగట్లో కనిపించే పరిమాణాన్ని నమ్మవద్దు. వేలెడంత కనిపించే నీలి టాంగ్ పూర్తిగా ఎదిగితే 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది, పైగా అది ఈదుతూనే ఉండే చేప. రెండు మీటర్ల పొడవు దానికి విలాసం కాదు, అవసరం. టాంగ్‌ల వంటి పోరాట స్వభావం గలవాటిని చివర వేయాలి, సాధువులను ముందు వేయాలి. ఏ చేపనైనా నాలుగు నుంచి ఆరు వారాలు వేరే చిన్న తొట్టెలో ఉంచి చూడాలి. ఎందుకంటే తెల్లమచ్చల వ్యాధి పెద్ద తొట్టెలోకి ఒకసారి చేరితే, పగడాలున్న నీటిలో దానికి వేసే రాగి మందు వాడే వీలుండదు. దొరికినంతవరకు పెంపకంలో పుట్టినవాటినే కొనండి. క్లౌన్ చేపలు ఎంతోకాలంగా అలా దొరుకుతున్నాయి. పసుపు టాంగ్‌ను కూడా పరిశోధకులు హవాయిలో 2015లో పెంపకంలో పుట్టించి చూపారు. గట్టి పగడాలన్నీ అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి, దేశం దాటి వచ్చినవైతే కాగితాలు అడగడం మన బాధ్యత.

కాగితం మీది నక్షా తొట్టెగా మారిన రోజున ఉప్పు సంచి విప్పకండి. మామూలు నీటితో నింపి, అన్ని పంపులూ నడిపి, సంప్ మట్టం నిలకడకు వచ్చాక సంప్ అద్దం మీద ఒక గీత గీయండి. తరువాత మెయిన్ స్విచ్ కట్టేసి, కుర్చీ వేసుకుని చూడండి. నీరు ఆగిన చోట రెండో గీత గీయండి. ఆ గీతకూ సంప్ పై అంచుకూ నడుమ అరచేయంత ఖాళీ కూడా లేకపోతే మొదటి మట్టాన్ని తగ్గించి మళ్ళీ ఆపి చూడండి. పొర్లి కిందపడినా అది మంచినీరే, ఒక తుడుపుతో పోతుంది.