మూడు లాకుల బండి, ఏడడుగుల కల్వర్టు

నమస్కారమండి. పోయిన వీడియోకి మీరు పెట్టిన శాపనార్థాలన్నీ చదివాను, ఒక్కటీ వదల్లేదు. ఇంతకీ నేనేమన్నాను? "మూడు కోట్ల ఆఫ్‌రోడ్ బండైనా సరే, కోనసీమ పుంతలోకి, అంటే చేలోకెళ్ళే మట్టి బాటలోకి దిగితే సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ ముందు చేతులు కట్టుకోవాల్సిందే" అన్నాను. అంతే! రోడ్డు లేని చోట కూడా నడుస్తాయని అమ్మే ఈ బండ్ల అభిమానులు విరుచుకుపడ్డారు. డిఫెండర్ వాళ్ళు ఒక పక్క, జీ వ్యాగన్ వాళ్ళు ఇంకో పక్క, మధ్యలో ల్యాండ్ క్రూజర్ వాళ్ళు. నాతో చెడుగుడు ఆడేశారు. "అసలు నువ్వు జన్మలో అలాంటి బండి ఎక్కావా?" అని ఒకాయన. ఎక్కానండి. ఎక్కాను, దిగాను, దిగి మోకాలి లోతు బురదలో నిలబడి తోశాను కూడా. ఆ కథ వస్తుంది, ఆగండి.

నేను మాట వెనక్కి తీసుకుంటానని వచ్చినవాళ్ళుంటే వెళ్ళిపోవచ్చు. ఇవాళ ఇంకో మెట్టు పైకెక్కి చెప్తున్నా. కోటి పైన పెట్టి బండి కొనబోతున్నారా? ముందు షోరూమ్‌కి వెళ్ళకండి. మీ చేలోకి వెళ్ళే దారిలో బోదె (పొలానికి నీళ్ళు పారే చిన్న కాలువ) మీద ఒక కల్వర్టు ఉంటుంది చూడండి, టేపు పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళండి. రెండు పిట్టగోడల మధ్య ఎంతుందో కొలవండి. మీరు కొనాల్సిన బండి ఏదో ఆ టేపు చెప్తుంది.

నవ్వుతున్నారా? సరే, నవ్వండి.

ఈ కంపెనీల వాళ్ళు పెట్టే ఆఫ్‌రోడ్ ఈవెంట్లకి ఎప్పుడైనా వెళ్ళారా? ఇనప పలకలతో ఒక కొండ కడతారు. బండి ఎక్కుతుంది, ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, అందరూ ఫోన్లు తీస్తారు. నేనూ తీశాను, దొంగమాటెందుకు. కానీ ఒక్కటి చెప్పండి. అమలాపురంలో కొండ ఎక్కడుందండి? ధవళేశ్వరం దాటి కిందికొస్తే మనం కూర్చున్నదంతా గోదావరి వేల ఏళ్ళుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు మట్టి మీద. ఇంటి పునాదికి రాయి కావాలన్నా బయటి నుంచి లారీలో రావాల్సిందే. మనకున్న ఎత్తులల్లా ఏటిగట్టు, వంతెనల అప్రోచ్‌లు, పెళ్ళిలో అలిగిన బావగారి గొంతు. వీటికి రాళ్ళెక్కడానికో రాక్ క్రాల్ మోడ్, కొండ దిగడానికో హిల్ డిసెంట్ కంట్రోల్! రాళ్ళూ ఇసకా చూసుకుని తయారు చేసిన బండ్లండి ఇవి. మన దగ్గరున్నది బంక.

ఇప్పుడు కథ. పోయిన సంక్రాంతికి మా బావ హైదరాబాద్ నుంచి కొత్త బండిలో దిగాడు. కంపెనీ పేరు చెప్పను, చెప్తే మళ్ళీ మీరు నా మీద పడతారు. కోటి దాటిన బండి, అంతవరకే. కనుమ నాడు మధ్యాహ్నం మినప గారెలూ కోడి కూరా బాగా పట్టించి, "బాబాయ్ రొయ్యల చెరువు చూసొద్దాం పద" అన్నాడు. మా బాబాయి చెరువు పి.గన్నవరం అవతల, ఒకటిన్నర కిలోమీటరు పుంత. దాళ్వా (రెండో పంట) నాట్ల సమయం. ఎవరిదో బోదె గండి పడి పుంత నాని ఉంది. "నడిచెళ్దాం బావా" అన్నాను. "దీనికి మడ్ మోడ్ ఉంది రా" అన్నాడు. నాబ్ తిప్పాడు. స్క్రీన్ మీద బురద బొమ్మ వచ్చింది.

బొమ్మలో ఉన్నంత బురదే అయితే బండి వెళ్ళిపోయేదే. మొదటి యాభై గజాలు బాగానే వెళ్ళింది. తర్వాత నాలుగు టైర్లూ మట్టితో నిండి మినప సున్నుండల్లా నున్నగా అయిపోయాయి. చక్రాలు తిరుగుతున్నాయి, బండి మాత్రం మెల్లగా, ఎంతో మర్యాదగా, పక్కకి జారుతోంది. పొట్ట గట్టు మీద, కుడి పక్క చక్రాలు రెండూ బోదెలో. ఏసీ ఆన్‌లోనే ఉంది. సీటు మసాజ్ కూడా చేస్తోంది.

లాగుదామంటే టో హుక్కు ఎక్కడుందో ఎవరికీ తెలీదు! అది బంపర్‌లో ప్లాస్టిక్ మూత వెనక మర తిప్పి బిగించాలట. ఆ హుక్కేమో డిక్కీలో కార్పెట్ కింద ఉందట. మాన్యువల్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని చదివాం, బురదలో నిలబడి. ఈలోపు పక్క చేలో దమ్ము చేస్తున్న (నాట్ల కోసం నీళ్ళు పెట్టి దున్నుతున్న) ట్రాక్టర్ ఆయన వచ్చాడు. దమ్ము చక్రాల మీదే వచ్చాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మంచి బండేనండీ, ఆరబెట్టిన రోడ్డు మీద" అన్నాడు. మోకు కట్టి ఒక్క లాగు లాగాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. బావకి అదింకా ఎక్కువ బాధేసింది.

అప్పటి నుంచి నాకు ఆ దమ్ము చక్రం మీదే ధ్యాస. ట్రాక్టర్‌కి మామూలు రబ్బరు టైర్లుంటే దమ్ము చేలో అదీ కూరుకుపోతుంది. అందుకే ఇనప పంజరం లాంటి చక్రాలు తగిలిస్తారు. అవి మట్టిని పట్టుకుని కూర్చోవు, వదిలేస్తాయి. బరువు ఎక్కువ మేర పరుచుకుంటుంది. ఆఫ్‌రోడ్ మొత్తం ఈ రెండు ముక్కల్లోనే ఉందండి. చదరపు అడుగు నేల మీద ఎంత బరువు పడుతోంది? టైరుకి పట్టిన మట్టి రాలిపోతోందా లేదా?

మన జగ్గన్నతోట ప్రభల తీర్థం చూశారుగా. గంగలకుర్రు ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాలు, చేల మీదుగా వచ్చి కౌశిక నీళ్ళలోకి దిగుతాయి. అంతెత్తు ప్రభని పీకల్లోతు నీళ్ళలో దాటించేస్తారు కుర్రాళ్ళు. ఎలా? బరువు పదుల కొద్దీ భుజాల మీద, దానికి రెట్టింపు కాళ్ళ మీద పంచుకుంటారు. ఒకడి కాలు జారితే పక్కవాడు మోస్తాడు. ఇదీ ఫోర్ వీల్ డ్రైవ్ అంటే! ఒళ్ళు గగుర్పొడుస్తుంది నాకు, ఎన్నిసార్లు చూసినా.

ఇప్పుడు మన లగ్జరీ బండ్ల బరువు చూడండి. మెర్సిడెస్ జీ క్లాస్‌లో, అదే మీ జీ వ్యాగన్‌లో, ఎలక్ట్రిక్ వచ్చింది కదా, 2025 జనవరిలో మన దేశంలో 3 కోట్లకి దింపారు. చక్రానికో మోటారు, నిలబడిన చోటే బొంగరంలా తిరుగుతుంది. బరువు 3 టన్నుల పైన! మన పుంతలో అది బొంగరంలా తిరిగితే బావి తవ్వుతుంది. డిఫెండర్ రెండుంబావు టన్నుల పైమాట. మారుతి జిమ్నీ 1200 కిలోలు. చిన్నదే, లగ్జరీ కాదు, తెలుసు. కానీ దానికీ నెమ్మదిగా, బలంగా లాగే లో రేంజ్ గేరుంది, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది, బరువు ఆ ఎలక్ట్రిక్ జీ క్లాస్‌లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. బంకమట్టికి బ్యాడ్జి చదవడం రాదండి.

"జీ వ్యాగన్‌కి మూడు డిఫరెన్షియల్ లాకులున్నాయి, తెలుసా?" అని పదిమంది రాశారు. మా బాబాయికి చెప్తే, "ఏ కాలువ మీదరా?" అన్నాడు. ఆయనకి తెలిసిన లాకులు కాలువ లాకులే మరి. బండిలో లాకంటే చక్రాలన్నీ ఒకే వేగంతో తిరిగేలా బిగించేది. గొప్పదే, కాదనను. ఒక చక్రం గాల్లో ఉండి మిగతావి గట్టి నేల మీద ఉంటే దాన్ని మించింది లేదు. నాలుగూ బంకలో ఉంటే? నాలుగూ సమానంగా జారతాయి. అంతే తేడా.

ఇక కామెంట్లలో మీరు గొప్పగా చెప్పిన 900 మిల్లీమీటర్ల సంగతి. ఎయిర్ సస్పెన్షన్ (ఉక్కు స్ప్రింగులకి బదులు గాలి బుడగలు) ఉన్న డిఫెండర్ 900 మిల్లీమీటర్ల నీళ్ళలో నడుస్తుందని కంపెనీ చెప్తుంది. దాదాపు మూడడుగులు. నిజమే, నడుస్తుంది. కింద నేల గట్టిగా ఉండి, నీళ్ళు పెద్దగా కదలకుండా, మీరు నడక వేగంతో వెళ్తే. గోదావరి వరద అలా ఉంటుందా? 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే (నీళ్ళ మీద తక్కువ ఎత్తులో వేసిన దారి) సంగతి మీకు తెలిసిందే, కాస్త వరదొస్తే చాలు మునిగి కూర్చుంటుంది. ఆ నీటి మీద మీ బండి నిలుస్తుందా? అమెరికా వాతావరణ శాఖ వాళ్ళ హెచ్చరిక ఒకటుంది: రెండడుగుల ప్రవాహం చాలు, ఎస్‌యూవీలు కూడా కొట్టుకుపోతాయి. మీ బ్రోషర్‌లో ఉన్నది మూడడుగులు, మిమ్మల్ని తీసుకుపోయేది రెండడుగులు. పైగా కాజ్‌వే అంచు కనబడదు, మీదంతా ఒండ్రు పేరుకుని ఉంటుంది. లంకలో వాళ్ళు నాటు పడవెక్కుతున్నారంటే పిచ్చివాళ్ళై ఎక్కడం లేదు.

ఒకవేళ నీళ్ళలో బండి ఆగిపోయిందా? సెల్ఫ్ కొట్టకండి, మీకు దణ్ణం పెడతాను. ఇంజిన్‌లోకి నీళ్ళు పోయాక స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్స్‌లో సాధారణంగా దానికి డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి. మా బావ సన్‌రూఫ్ షేడ్ రంగు గురించి మూడు రోజులు ఆలోచించాడు. ఈ కవర్ గురించి అడిగితే "అదేంటి?" అన్నాడు.

సరే, టేపు తీద్దాం. మా బాబాయి చెరువు దారిలో కల్వర్టు సరిగ్గా ఏడడుగులు, అంటే 2134 మిల్లీమీటర్లు. చాచిన అద్దాలు పిట్టగోడ మీదుగా పోతాయి కాబట్టి వాటిని లెక్కేయకుండా కంపెనీలు చెప్పే వెడల్పే చూద్దాం. రేంజ్ రోవర్ 2047. పక్కకి నాలుగు సెంటీమీటర్లు మిగిలింది, పెయింట్ ఉంటే ఉన్నట్టు. డిఫెండర్ 2008, పక్కకి ఆరు సెంటీమీటర్లు. ల్యాండ్ క్రూజర్ 300 అయితే 1980, బెత్తెడు చోటు. ఇప్పుడు వినండి, నాకూ మింగుడు పడనిది. నేను అందరికంటే ఎక్కువ తిట్టిన జీ క్లాస్ 1931! ఈ నాలుగింటిలో అదే సన్నం. చూడ్డానికి బీరువాలా ఉంటుంది, టేపు పెడితే అన్నిటికంటే సులువుగా అదే దూరింది. జీ వ్యాగన్ అభిమానులూ, ఇది మీకు. ఫోటో కట్టించుకోండి. బరువు విషయంలో మాత్రం ఒక్క అంగుళం తగ్గను.

జిమ్నీ 1645. రెండు పక్కలా జానెడు పైన చోటు, మధ్యలో పాట పాడుకుంటూ వెళ్ళొచ్చు.

అయితే ఈ పెద్ద బండ్లు దండగేనా అంటే, రేవుల దగ్గర ఒప్పుకుంటాను. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు (బండ్లని కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కేటప్పుడు, నీళ్ళు తగ్గి ఉంటే రేవు నిటారుగా ఉంటుంది. అక్కడ మామూలు లగ్జరీ కార్ల మూతి నేలకి రాసుకుంటుంది. వీటి ముందు భాగం పొట్టిగా, పైకి ఉంటుంది కాబట్టి ఝామ్మని ఎక్కేస్తాయి. ఓడలరేవు, అంతర్వేది ఇసకలోనూ పర్లేదు, టైర్ల గాలి 18 పీఎస్‌ఐ దాకా దింపితే. చాలామంది దింపరు, దింపితే మళ్ళీ పట్టడానికి డిక్కీలో కంప్రెసర్ ఉండదు. ఇంటికొచ్చాక అడుగు భాగం మంచినీళ్ళతో కడగండి. ఉప్పుగాలీ రొయ్యల చెరువు నీళ్ళూ కలిస్తే ఇనుముని అప్పడంలా తినేస్తాయి.

"అయితే ఏది కొనమంటావు?" రెండు కోట్ల పైన ఖర్చు పెట్టే ఓపికుంటే నా ఓటు ల్యాండ్ క్రూజర్ 300కి. ఛాసీ, అంటే విడి ఇనప చట్రం మీద కట్టిన బండి, ఉక్కు స్ప్రింగులు, గాలి బుడగల మీద ఊగదు. ఎయిర్ సస్పెన్షన్ హైవే మీద స్వర్గమే, కాదన్నవాడు అబద్ధాలకోరు. కానీ అది లీకైన రోజు మీరు విజయవాడో విశాఖో పరిగెత్తాలి, అదీ బండిని లారీ మీద పెట్టి. కోటీ కోటిన్నరలో అయితే డిఫెండరే, కాకపోతే చిన్న రిమ్ములు అడగండి. ఇరవై రెండంగుళాల రిమ్ముకి రబ్బరు చపాతీలా ఉంటుంది. షోరూమ్ కుర్రాడు "సార్, లుక్ పోతుంది" అంటాడు. పోనివ్వండి. మట్టికీ రోడ్డుకీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు వేయించండి, ఒక మోకు డిక్కీలో పడేయండి, టో హుక్కు ఎక్కడుందో డెలివరీ రోజే చూసుకోండి. చెరువుకి మాత్రం పక్కన ఒక జిమ్నీ. రెండు కోట్ల బండి మీద అది పన్నుకి కూడా రాదు.

ఇదంతా మా బాబాయికి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయనకీ ఈ మధ్య రొయ్య కలిసొచ్చి పెద్ద బండి మీద మనసైంది. టేపు తీసుకెళ్ళి స్వయంగా కల్వర్టు కొలిచాడు కూడా. నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వు చెప్పినట్టే కొలిచాను రా. ఏడడుగులే."

"మరి? ఏం అనుకున్నారు బాబాయ్?"

"రేంజ్ రోవర్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాను. ఆ పిట్టగోడ ఒకటి కొట్టించేద్దాం, ఎంతవుతుందో మేస్త్రీని అడిగి చెప్పు."

"బాబాయ్, అది గవర్నమెంటు కల్వర్టు!"

"అందుకేరా, రాత్రిపూట వచ్చే మేస్త్రీని చూడమంటున్నాను."